బంగారు చేపలు, బర్రెల గడ్డి, యూరియా బస్తా

2025 దసరా సెలవుల్లో మా మనవడికి చేపల తొట్టి కొనిచ్చాను. రెండడుగుల గాజు తొట్టి, అడుగున రంగురాళ్లు, బుడగలు వదిలే చిన్న మోటారు, నాలుగు గోల్డ్ ఫిష్. తెచ్చిన సాయంత్రమే నీళ్లు నింపి, క్లోరిన్ పోయే మందు వేసి, చేపల్ని వదిలేశాం. వారం తిరక్కుండానే మూడు చచ్చిపోయాయి. నాలుగోది నీళ్ల పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. పిల్లవాడి ఏడుపు ఆపలేక ఉప్పల్‌లో ఆ రంగుచేపల కొట్టుకు పరుగెత్తాను.

కొట్టులో ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రవాడు ఉన్నాడు. నా మాట పూర్తికాకముందే అడిగాడు.

"తొట్టి సైకిల్ చేసిండ్రా ఆంటీ?"

"సైకిలేంటి నాయనా?"

"చేపలు అమోనియా ఇడుస్తయి గదా, అది విషం. దాన్ని తినే బ్యాక్టీరియా కొత్త తొట్టిల ఉండది. పెరగనీకి నెల, నెలన్నర పడ్తది. మొదలు ఒక రకం వచ్చి అమోనియాని నైట్రైట్ చేస్తది, అది గూడ విషమే. ఎనక ఇంకో రకం వచ్చి దాన్ని నైట్రేట్ చేస్తది. నైట్రేట్‌తోని అంత పరేషాన్ లేదు. అప్పుడు చేపలెయ్యాలె."

నేను కౌంటర్ పట్టుకుని నిలబడిపోయాను. ఎందుకంటే ముప్పై ఒక్క ఏళ్లు నేను చేసిన ఉద్యోగం భూసార పరీక్ష ప్రయోగశాలలో. ఈ కుర్రవాడు చెప్పింది నత్రీకరణం. నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అనే పేర్లు డిప్లొమా చదివేటప్పుడు బట్టీపట్టి, పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. మట్టిలో ఉండే ఆ జీవులే గాజు తొట్టిలోనూ ఉండాలన్న ఆలోచన నాకు రానేలేదు.

కుర్రవాడు ఒక చిన్న డబ్బా అమ్మాడు. నీళ్లలో అమోనియా, నైట్రైట్, నైట్రేట్ ఎంతున్నాయో చుక్కల మందుతో రంగు చూసి చెప్పే కిట్. నాలుగో చేప బతికింది. అది ఎలాగన్నది వేరే కథ, రోజూ సగం నీళ్లు మార్చిన నా నడుమునొప్పి కథ. ఈ పోస్టు ఆ కిట్ గురించి, దానివల్ల నాకు తవ్వాలనిపించిన ఇంకో సంగతి గురించి.

మా ప్రయోగశాలలో నత్రజని ఎలా చూసేవాళ్లమో ముందు చెబుతాను. రైతులు మట్టిని గుడ్డసంచిలోనో, పాత యూరియా బస్తా ముక్కలోనో కట్టుకుని తెచ్చేవాళ్లు. ఒకాయన తలకు చుట్టుకున్న రుమాలు విప్పి అందులోనే పోసిచ్చాడు. నీడలో ఆరబెట్టి, కొట్టి, జల్లెడ పట్టి, ఇరవై గ్రాములు తూచి పొడుగు మెడ ఫ్లాస్కులో వేస్తాం. పొటాషియం పర్మాంగనేట్ ద్రావణం, కాస్టిక్ సోడా పోసి వేడి చేస్తాం. మట్టిలోంచి తేలిగ్గా వచ్చే నత్రజని అంతా అమ్మోనియాగా ఆవిరై అవతలి గ్లాసులోని బోరిక్ యాసిడ్‌లోకి దిగుతుంది. ఆ బోరిక్ యాసిడ్ దానిమ్మరసం రంగులో ఉంటుంది, అమ్మోనియా తగలగానే పచ్చగా మారుతుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్ బొట్టుబొట్టుగా వదులుతూ మళ్లీ ఎరుపు తెప్పించాలి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్నిబట్టి లెక్క. హెక్టారుకు 280 కిలోల లోపుంటే తక్కువ, 560 దాకా మధ్యమం, ఆపైన ఎక్కువ.

ఆ 'ఎక్కువ' అన్న మాట నా చేత్తో ఎన్నిసార్లు రాసి ఉంటానో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మన నేలలకు నత్రజని తక్కువే. ఎండ మండే దేశం, సేంద్రియ పదార్థం నిలవదు. రైతుకిచ్చే భూసార పరీక్ష కార్డు మీద 'తక్కువ' అని రాసి, పక్క గడిలో యూరియా ఎన్ని కిలోలు వేయాలో నింపి, సంతకానికి పంపించేదాన్ని. మరుసటి ఏడో, ఆ పై ఏడో అదే రైతు అదే చెలక మట్టి తెస్తే మళ్లీ 'తక్కువ' అనే వచ్చేది. మధ్యలో అతను వేసిన బస్తాలన్నీ ఎటుపోయినట్టు? ఆ ప్రశ్నకు కార్డులో గడి లేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. బడి లెక్కల్లో కన్నం ఉన్న తొట్టి ఎన్ని గంటల్లో నిండుతుందని అడిగేవాళ్లు కదా, నేను ముప్పై ఒక్క ఏళ్లు కన్నం సంగతి వదిలేసి పోసే నీళ్లే లెక్కపెట్టాను.

ఒక్క బస్తా తీసుకుందాం. నలభై ఐదు కిలోలు. అందులో నత్రజని 46 శాతం, అంటే ఇరవై కిలోల పైచిలుకు. పొలంలో చల్లగానే యూరియా తడికి కరిగి, మట్టిలోని ఎంజైమ్ వల్ల కొద్ది రోజుల్లోనే అమ్మోనియంగా, అంటే అమ్మోనియాకే ఇంకో రూపంగా, మారుతుంది. ఇక్కడిదాకా ఫర్వాలేదు. బంకమట్టి రేణువులకు రుణ విద్యుదావేశం, అమ్మోనియానికి ధన విద్యుదావేశం. తడిచేతికి పిండి అంటినట్టు అంటుకుని ఉంటుంది. ఆ తర్వాతే చేపల కొట్టు కుర్రవాడు చెప్పిన బ్యాక్టీరియా దిగుతుంది. వేడి నేల, తగినంత తేమ, గాలి ఉంటే రెండు మూడు వారాల్లో అమ్మోనియంలో చాలాభాగాన్ని నైట్రేట్ చేసేస్తుంది. నైట్రేట్‌కు కూడా రుణావేశమే. కాబట్టి మట్టి దాన్ని పట్టుకోదు, తామరాకు మీద నీటిబొట్టే. పెద్ద వాన పడితే వేరు అందుకోలేని లోతుకు జారిపోతుంది. బావుల్లోకీ బోర్లలోకీ చేరుతుంది. తాగేనీళ్లలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. లేదా మడిలో నీళ్లు నిలిచి గాలాడకపోతే, ఇంకో జట్టు బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మిగిలిందాన్ని వాయువుగా గాల్లోకి వదిలేస్తుంది. అందులో కొంత మామూలు నత్రజని, దానివల్ల రైతు జేబుకు తప్ప ఎవరికీ నష్టం లేదు. కొంత నైట్రస్ ఆక్సైడ్. వందేళ్ల లెక్కలో భూమిని వేడెక్కించే శక్తి దానికి బొగ్గుపులుసు వాయువు కంటే 273 రెట్లు.

మొత్తమ్మీద వేసిన నత్రజనిలో సగం కూడా పైరు కడుపులోకి పోదు. అంటే చేపల తొట్టికి ప్రాణం పోసే ఆ బ్యాక్టీరియాయే పొలంలో జేబుకు చిల్లు పెడుతోంది. తొట్టిలో అది తొందరగా రావాలని ఎదురుచూస్తాం. పొలంలో అది మెల్లగా నడవాలి, పైరు తినే వేగానికి తగ్గట్టు.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. ప్రతాపసింగారం వైపు, మూసీ కాలువ ఆనుకుని మా నాన్న వాటాగా వచ్చిన ఎకరంన్నర వాడు చేస్తాడు. ఏడు బర్రెలు. కాలువ పక్కన ఇరవై గుంటలు పారా గడ్డి, మీదిభాగంలో బోరు కింద ముప్పై గుంటలు మక్క, పది గుంటలు పశువుల జొన్న. 2025 వానాకాలంలో యూరియా దొరక్క తెలంగాణ అంతా ఎలా అల్లాడిందో పేపర్లలో చూసే ఉంటారు. తెల్లవారుజామునే పోయి, మనుషులకు బదులు చెప్పులు వరసలో పెట్టి, చెట్టు కింద కూర్చున్నారు జనం. మా వాడి చెప్పులు కూడా అలా రెండు పూటలు లైన్లో నిలబడ్డాయి. ఒక్క బస్తా దొరికింది. ధర చూస్తే 266 రూపాయల చిల్లర, రెండు రోజుల కూలి పోయింది. ఆ ఒక్క బస్తాను మక్కకు చల్లిన రాత్రే పొద్దుపోయాక ఆగకుండా వాన కొట్టింది.

"కొట్టుకపొయింది అక్కా. పైసలు గాదు, నా చెప్పుల కష్టం గూడ పొయింది," అన్నాడు ఫోన్లో.

నవ్వొచ్చింది గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. అక్టోబర్లో చేపలు చచ్చి, కిట్ చేతికొచ్చాక, ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. ఈ బ్యాక్టీరియాను నెమ్మదింపజేసే దారి ఉందా అని చదవడం మొదలుపెట్టాను. రిటైరయ్యాక చదవడానికి ఎవరూ అడ్డురారు.

ఒక దారి మన పెరట్లోనే ఉంది. వేప. 1970ల్లోనే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు వేపపిండి, వేపగింజల సారం కలిపిన యూరియా నెమ్మదిగా నైట్రేట్ అవుతుందని చూపించారు. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతా వేపపూతతోనే రావాలని నియమం వచ్చింది. ఇది మా ప్రయోగశాలలో అందరికీ తెలుసు. నాకు తెలియనిది రెండోది. కొన్ని గడ్డిజాతులు తమ వేర్ల నుంచే ఇలాంటి మందును వదులుతాయట! పశువులు మేసే గడ్డి.

ఇందులో అందరికంటే ముందుండేది బ్రాకియేరియా హ్యుమిడికోలా. ఆఫ్రికాలో పుట్టిన గడ్డి, కొరోనీవియా గడ్డి అని కూడా అంటారు. దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా కొలంబియా, బ్రెజిల్ పచ్చికబయళ్లలో విస్తారంగా పెరుగుతుంది. అక్కడి నేలలు పుల్లటివి, నిస్సారమైనవి. యూరియా వేసే నాథుడు లేడు. అయినా ఏళ్లకేళ్లు ఆ గడ్డి పచ్చగా నిలబడుతుంది. కొలంబియాలో కాలీ నగరం దగ్గరున్న సియాట్ అనే అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రం వాళ్లు, ఆ గడ్డి కింది మట్టిలో నైట్రేట్ తక్కువ, అమ్మోనియం ఎక్కువ ఉండటం చూసి ఎందుకని ఆరా తీశారు. జపాన్‌లోని త్సుకుబాలో ఉండే జిర్కాస్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ దాన్ని తేల్చింది. అక్కడ ఈ పనిని నడిపించిన శాస్త్రవేత్త పేరు చూసి నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. గుంటూరు వెంకట సుబ్బారావు. ఒకప్పుడు మన పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థలో కంది పంట మీద పనిచేసినాయన. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆ గేటు ముందునుంచి ఎన్నిసార్లు బస్సులో పోయి ఉంటానో.

వాళ్లు వాడిన పరీక్ష నాకు తెగ నచ్చింది. నైట్రోసోమోనాస్ బ్యాక్టీరియాలోకి, మినుకుమినుకుమనే ఒక సముద్రపు సూక్ష్మజీవి జన్యువులను చొప్పించారు. బ్యాక్టీరియా హుషారుగా పనిచేస్తుంటే వెలుగుతుంది. గడ్డి వేర్ల నుంచి తీసిన కషాయం పోస్తే, అందులో అడ్డుకునే గుణం ఉంటే ఆ వెలుగు మందగిస్తుంది. ఎంత మందగిస్తే అంత బలం. మేము దానిమ్మరంగు, పచ్చరంగు చూసుకుంటూ కూర్చున్న కాలంలో వీళ్లు దీపాలు ఆర్పుతున్నారన్నమాట.

2009లో ఆ వేర్లలోని అసలు పదార్థాన్ని పట్టుకున్నారు. బ్రాకియాలాక్టోన్ అని పేరు పెట్టారు. వేర్ల నుంచి వచ్చే నిరోధక శక్తిలో 60 నుంచి 90 శాతం దానిదే. అమ్మోనియాను నైట్రైట్ చేయడానికి ఆ బ్యాక్టీరియాకు రెండు ఎంజైములు కావాలి, రెండింటికీ అడ్డం పడుతుందది. కొలంబియా పొలాల్లో ఈ గడ్డి వేసిన మూడేళ్లకు మట్టిలో నత్రీకరణ జీవుల సంఖ్యే బాగా పడిపోయింది. సోయాచిక్కుడు వేసిన మడులతో పోలిస్తే నైట్రస్ ఆక్సైడ్ 90 శాతానికి పైగా తగ్గింది.

ఇంకో ముచ్చట. గడ్డి ఈ మందును ఊరికే వదలదు. వేరు చుట్టూ అమ్మోనియం తగిలినప్పుడే వదులుతుంది. తగిలిన ఆ వేరే వదులుతుంది, మొక్క మొత్తం కాదు. మా అమ్మమ్మ పెసరట్టు పిండికి మూత పెట్టి దానిమీద రోకలి పెట్టేది, పిల్లి రాకుండా. ఖాళీ గిన్నెల మీద రోకళ్లు పెట్టేది కాదు కదా. గడ్డికి కూడా అంతమాత్రం పొదుపు తెలుసు.

ఆ గడ్డి దున్నేసి మక్క వేసినా కొంతకాలం ఆ ప్రభావం నిలుస్తుందని కూడా కొలంబియాలోనే చూశారు. చాలా ఏళ్లు గడ్డి ఉన్న నేలలో వేసిన మక్క, వేసిన నత్రజనిని ఎక్కువగా దక్కించుకుంది, గింజా ఎక్కువ ఇచ్చింది. నాకు దీని మీదే ఆశ ఎక్కువ. ఎందుకంటే మా తమ్ముడికి మక్క కావాలి, ఉత్త గడ్డితో ఇల్లు గడవదు.

ఇంత చదివాక నేను చేసిన తొందరపాటు పని చెప్పాలి. పారా గడ్డి శాస్త్రీయనామం బ్రాకియేరియా మ్యూటికా అని గుర్తొచ్చి ఎగిరి గంతేశాను. అదే ఇంటిపేరు! (ఈమధ్య శాస్త్రవేత్తలు ఈ కుటుంబంలో చాలావాటికి యూరోక్లోవా అని ఇంటిపేరు మార్చారు, అది వేరే సంగతి.) పీర్జాదీగూడ నుంచి కిందికి మూసీ పొడుగునా మన బర్రెలు తినేదంతా అదే గడ్డి. నగరం మురుగంతా తాగి, ఏడాది పొడుగునా కోతకొచ్చే గడ్డి. ఒకప్పుడు మోపులు కట్టి సైకిళ్ల మీద, ఆటోల్లో నగరంలోని తబేలాలకు పోయేది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ వాళ్లు కూడా 2000ల్లో ఈ మూసీ గడ్డి రైతుల మీద అధ్యయనాలు చేశారు. ఇంకేం, అద్భుతం మన ఒడ్డునే ఉందనుకుని తమ్ముడికి ఫోన్ చేసి పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను.

వాడు ఓపికగా విని, "అక్కా, మన పెద్దబాపు బిడ్డలు ఆరుగురు. ఈత ఒక్కనికే వచ్చు," అన్నాడు.

నిజమే. మళ్లీ చదివితే, ఈ గుణం బ్రాకియేరియాల్లోనే జాతికీ జాతికీ మారుతుందని ఉంది. హ్యుమిడికోలా లోపల కూడా రకానికీ రకానికీ తేడా. చుట్టరికం చూసి సర్టిఫికెట్ ఇవ్వడానికి లేదు.

అయితే అదే పరిశోధకులు పంటల్ని కూడా వరసగా పరీక్షించారు. తొలి పరీక్షల్లో ఈ గుణం కనిపించిన పంటల పేర్లు చూస్తే మన ఊరి సంతలా ఉంది. జొన్న, సజ్జ, పల్లి. జొన్న మీద ఇక్రిశాట్‌తో కలిసి కూడా పనిచేశారు. జొన్న వేరు నూగు చివర్ల నుంచి నూనెలాంటి చిన్నచిన్న బొట్లు కారతాయి, అందులో సొర్గోలియోన్ అనే పదార్థం ఉంటుంది. అది కలుపు గింజల్ని కూడా ఎదగనివ్వదు. జొన్న కోసిన చేనులో తర్వాతి పైరు ఒక్కోసారి మారాం చేస్తుందని పాతవాళ్లు అనేది ఉత్తమాట కాదని అర్థమైంది. అదే బొట్టు నత్రీకరణకు కూడా కళ్లెం వేస్తుంది.

నవంబరు మొదట్లో మక్క కోసేశాక, మా తమ్ముడి పొలానికి పోయి మూడు చోట్ల మట్టి తెచ్చాను. పారా గడ్డి మడి, మక్క కోసిన చెలక, పశువుల జొన్న. చోటుకు మూడు సీసాలు, మొత్తం తొమ్మిది. జామ్ సీసాలు, పచ్చడి సీసాలు. ఒక్కోదానిలో వంద గ్రాముల మట్టి, సమానంగా చిటికెడు యూరియా కరిగించిన నీళ్లు, మూతకు బెజ్జాలు. మూడు వారాలు వంటింటి అటక మీద పెట్టి, రెండు రోజులకోసారి బరువు చూసి ఆవిరైనంత నీరు చిలకరించాను. వాడే నీళ్లు మెకానిక్ షాపులో దొరికే బ్యాటరీ వాటర్. మున్సిపల్ నీళ్లలో ఏముందో ఎవరికెరుక. వడకట్టడానికి రిటైరైన రోజు మా స్టోర్‌కీపర్ ప్రేమగా ఇచ్చిన పాత ఫిల్టర్ కాగితాలు. మట్టినీళ్లు తేటబడకపోతే కాస్త జిప్సం. చివరికి చేపల కిట్. పసుపైతే నైట్రేట్ లేదు, నారింజ అయితే ఉంది, ఎరుపైతే బాగా ఉంది.

ఒకరోజు తమ్ముడు పాలక్యాన్ ఇవ్వడానికి వచ్చి అటక చూశాడు. "ఏందక్కా ఇది, మట్టి పచ్చడి పెడ్తున్నవా?"

మొదటి రోజు చూసినప్పుడే ఒక ఆశ్చర్యం. అంత మురుగు తాగే పారా గడ్డి మట్టి నీరు లేత పసుపు. నైట్రేట్ దాదాపు లేదు. నిన్నటిదాకా ఉన్న నా ఆశ మళ్లీ లేచి కూర్చుంది. ఒక రాత్రి ఆలోచిస్తే తెలిసింది. ఆ మడిలో ఎప్పుడూ నీళ్లుంటాయి. గాలి లేనిచోట నత్రీకరణ జీవులు పనిచేయలేవు. చేసినంత కూడా ఆ రెండో జట్టు గాల్లోకి వదిలేస్తుంది. కాబట్టి పసుపు రంగు చూసి నష్టం లేదనుకోవడానికి లేదు, నష్టం అప్పటికే జరిగిపోయి కూడా ఉండవచ్చు. అదే మట్టి సీసాలో గాలి తగిలి మూడు వారాలు కూర్చున్నాక అన్నిటికంటే ముదురు ఎరుపు తేలింది. ఈతరాని అన్నదమ్ముడే అన్నమాట, కనీసం నా పచ్చడి సీసాలో.

మక్క చెలక మూడు సీసాలూ ఎరుపు. జొన్న మూడింటిలో రెండు నారింజకూ ఎరుపుకూ మధ్య ఆగాయి, మూడోది మక్కతో సమానం. జనవరిలో మళ్లీ చేశాను, మళ్లీ అదే తంతు, ఒక సీసా మొండికేసింది.

దీన్ని చూపించి 'జొన్న గెలిచింది' అని రాసేయవచ్చు. కానీ నేను ప్రయోగశాలలో పనిచేసినదాన్ని, సిగ్గు అడ్డొస్తుంది. జొన్న గుంటలకు పెంటదిబ్బ దగ్గర, మక్కకు దూరం. రెండింటి మట్టిలో సేంద్రియ పదార్థమే ఒక్కలా ఉండదు. మక్కకు వానాకాలంలో యూరియా పడింది, జొన్నకు పడలేదు. యూరియా అలవాటైన మట్టిలో ఆ బ్యాక్టీరియా సంఖ్య ముందే ఎక్కువ ఉంటుంది. పైగా చేపల కిట్ రంగును నా కళ్లద్దాలతో చూసి తేల్చిన తేడా అది. మా పాత సూపరింటెండెంట్ ఉంటే ఆ కాగితం మడిచి నా చేతికే ఇచ్చేవారు.

తమ్ముడితో మాట్లాడితే అసలు చిక్కులు తెలుస్తాయి. కొరోనీవియా గడ్డి నేలను పాకుతూ చాపలా పరుచుకుంటుంది. మేపడానికి బాగుంటుంది గానీ, కోసి మోపు కట్టేవాళ్లకు సూపర్ నేపియర్ ముందు అది ఏ మూలకు? నేపియర్ మనిషెత్తు లేస్తుంది, కోత కోతకూ యూరియా అడుగుతుంది. ఎకరంన్నరలో ఏడు బర్రెల కడుపు నింపాల్సినవాడు ఎత్తుగా పెరిగేదే చూస్తాడు. తప్పుపట్టలేను. భూమి బోలెడున్న కొలంబియా పచ్చికబయలు లెక్క, రియల్ ఎస్టేట్ వాళ్లు వారానికోసారి ధర అడిగే ఘట్‌కేసర్ మండలంలో కుదరదు.

అందుకే నాకు జొన్న మీద గురి. కొత్త విత్తనం ఎక్కడినుంచో తేనక్కర్లేదు, కొత్తగా నేర్చుకునేదీ లేదు. రాజేంద్రనగర్‌లో జొన్న, ఇతర చిరుధాన్యాల కోసం ఒక జాతీయ సంస్థ ఉంది, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. మక్క తర్వాత మక్క వేసే బదులు మధ్యలో ఒక కారు పశువుల జొన్న వేస్తే బర్రెలకు మేత, నేలకు కాస్త కళ్లెం. ఒక్కటే జాగ్రత్త. లేత జొన్న, అందులోనూ వానల్లేక వాడిన లేత జొన్న పశువులకు విషం. పూత దశ దాకా ఆగి కోయాలి. ఇది మా తమ్ముడికి నేను చెప్పాల్సిన పని లేదు. వాడి చిన్నప్పుడు మా ఇంట్లో ఒక ఆవు అలాగే పోయింది.

గోధుమలో అయితే ఇంకో అడుగు వేశారు. సముద్రపు ఇసుకలో పెరిగే ఒక అడవిగడ్డి నుంచి ఈ గుణమున్న క్రోమోజోమ్ ముక్కను, జన్యుమార్పిడి లేకుండా, సంకరంతోనే గోధుమలోకి తెచ్చామని 2021లో సుబ్బారావు గారి బృందం ప్రకటించింది. దిగుబడి తగ్గలేదట. మన మక్కకూ వరికీ ఆ భాగ్యం ఎప్పుడో.

ఇదంతా విని మా వాడు అడిగిన ప్రశ్న ఒక్కటే. "మరి గా జొన్నేస్తే యూరియ బస్తా ఎన్ని తగ్గుతది?"

చెప్పలేకపోయాను. పది గుంటల్లో సగం దున్ని మక్క వేయమన్నాను, మిగతా మక్క పక్కనే. రెండింటికీ ఒకే పెంట, ఒకే బోరు నీళ్లు. యూరియా మాత్రం జొన్న ఉన్నచోట సగమే. కోతకొచ్చాక గింజ తూచి చూద్దామన్నాను. "నా మక్క తక్కువొస్తే నువ్వు కడ్తవా?" అన్నాడు. కడతానన్నాను. ఐదు గుంటల మక్క నష్టం నా పెన్షన్‌కు తట్టుకోలేనిదేం కాదు. వచ్చే వానాకాలానికి ఒప్పుకున్నాడు. గట్టు మీద పాత నైలాన్ తాడు కట్టి గీత కూడా గీసుకున్నాం.

తొట్టిలో నాలుగో చేపకు ఇప్పుడు ఇద్దరు తోడొచ్చారు. ఆదివారం ఆదివారం మూడోవంతు నీళ్లు తీసి కొత్తవి పోస్తాను. తీసిన నీళ్లలో నైట్రేట్ ఎప్పుడూ నారింజే చూపిస్తుంది, అవి బాల్కనీలో కరివేపాకు కుండీకి పోతాయి. కరివేపాకు మునుపెన్నడూ లేనంత నల్లగా, గుబురుగా ఉంది. కిట్‌లో నైట్రేట్ చుక్కలు అయిపోవచ్చాయి, జొన్న సీసాలకే సగం అయ్యాయి. శనివారం ఉప్పల్ పోయి ఇంకోటి తేవాలి. ఆ కుర్రవాడు చేపలెట్లున్నయని అడుగుతాడు. ఇన్ని చుక్కలు ఏం చేస్తున్నవు ఆంటీ అని కూడా అడుగుతాడేమో.